ఒకే ఏడాదికి ఐదు నంబర్ వన్ పాటలా? ఇయర్ ఎండ్ చార్టుల లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

#1 చెవికోసుకుంటా

2024 మొత్తానికి టాప్ పాట ఏదని వెతికితే ఒక్కోచోట ఒక్కో పేరు కనిపిస్తోంది. అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వేసే హాట్ 100 (వంద పాటల ర్యాంకుల చార్టు) వార్షిక జాబితాలో టెడ్డీ స్విమ్స్ ‘లూజ్ కంట్రోల్’. స్పాటిఫైలో సబ్రీనా కార్పెంటర్ ‘ఎస్ప్రెస్సో’. యాపిల్ మ్యూజిక్‌లో కెండ్రిక్ లమార్ ‘నాట్ లైక్ అస్’. టిక్‌టాక్ లిస్టులో ‘గాటా ఓన్లీ’. ఇవి చాలవన్నట్టు, ప్రపంచ రికార్డింగ్ కంపెనీల సంఘం ఐఎఫ్‌పీఐ వెళ్లి బెన్సన్ బూన్ ‘బ్యూటిఫుల్ థింగ్స్’కి అవార్డిచ్చింది. ఐదు లిస్టులు, ఐదు పాటలు. ఎవరిని నమ్మాలి?

ఇంకో డౌట్ కూడా ఉంది. ‘లూజ్ కంట్రోల్’ వారపు చార్టులో మొదటి స్థానంలో ఉన్నది ఒక్కటంటే ఒక్క వారం. దానికంటే ఎక్కువ వారాలు టాప్‌లో ఉన్న పాటలు అదే ఏడాది ఉన్నాయి కదా. మరి దీనికెలా వచ్చింది?

#2 మ్యూట్‌బటన్

ఎవరు ఎక్కువ ఖర్చు పెడితే వాళ్లదే నంబర్ వన్. ఇందులో లెక్కేముంది, థ్రెడ్ మూసేయండి.

#3 లెక్కలమాస్టారు

మూసేయక్కర్లేదు, లెక్క ఉంది. ఐదుగురూ కరెక్టే. కాకపోతే ఐదుగురూ కొలుస్తున్నది ఒక్కటి కాదు.

స్పాటిఫై తన యాప్‌లో ఏ పాట ఎన్నిసార్లు మోగిందో చూసుకుంటుంది, అంతే. యాపిల్‌దీ అదే దారి, కానీ అక్కడ యాడ్స్ వింటూ ఫ్రీగా వాడుకునే ఖాతాలే ఉండవు కాబట్టి వినే జనం వేరు. టిక్‌టాక్‌లో జనం వీడియోలకి వాడుకున్న పాటల ముక్కలు. ఐఎఫ్‌పీఐ జనవరి నుంచి డిసెంబరు దాకా ప్రపంచమంతటా స్ట్రీమింగూ డౌన్‌లోడ్లూ కలిపి చూస్తుంది. బిల్‌బోర్డ్ హాట్ 100 అమెరికా వరకే. స్ట్రీమింగ్, రేడియోలో ఎంతమంది చెవిన పడింది, అమ్మకాలు, ఈ మూడూ కలుపుతుంది. డబ్బు కట్టి వినేవాళ్ల ప్లేకి విలువ ఎక్కువ, ఫ్రీగా వినేవాళ్లదానికి తక్కువ.

రెండో డౌట్‌కి వస్తే, వార్షిక జాబితాలో పాట ఎంత ఎత్తుకి ఎక్కిందన్నది అడగరు. వారం వారం వచ్చిన పాయింట్లు కూడుకుంటూ పోతారు. 2020 తీసుకోండి. రాడీ రిచ్ ‘ది బాక్స్’ 11 వారాలు టాప్‌లో కూర్చుంది, ‘బ్లైండింగ్ లైట్స్’ కూర్చున్నది 4 వారాలే. ఏడాది చివర చూస్తే ‘బ్లైండింగ్ లైట్స్’ ఒకటి, ‘ది బాక్స్’ మూడు. ఇంకా విచిత్రం, 2000లో ఫెయిత్ హిల్ ‘బ్రీత్’, 2001లో లైఫ్‌హౌస్ ‘హ్యాంగింగ్ బై ఎ మూమెంట్’, 2021లో దువా లిపా ‘లెవిటేటింగ్’ వారపు చార్టులో రెండో స్థానం దాటనే లేదు. ఆయా ఏళ్ల జాబితాల్లో మాత్రం మూడూ ఫస్టే!

‘లూజ్ కంట్రోల్’ 2023 జూన్‌లో వచ్చింది. చార్టులోకి ఎక్కిన 32వ వారంలో టాప్‌కి చేరింది, ఆ తర్వాత దిగమన్నా దిగలేదు. మొత్తం 100 వారాలకు పైనే ఉంది. స్ట్రీమింగ్‌లో జోరు తగ్గాక కూడా రేడియోలో వేస్తూనే ఉన్నారు. వార్షిక లెక్కలో రేడియో చేసే మేలు ఇదే. ఆలస్యంగా అందుకుంటుంది, అందుకున్నాక ఓ పట్టాన వదలదు.

#4 చెవికోసుకుంటా

ఒక్క సబ్జెక్టులో నూటికి నూరు కన్నా అన్నింట్లో ఎనభై తెచ్చుకున్నవాడికే ర్యాంకన్నమాట.

మరి సోషల్ మీడియా సంగతేంటి మాస్టారూ? టిక్‌టాక్‌లో కోట్ల వ్యూస్ వస్తే అవి కూడా కలుస్తాయా?

#5 లెక్కలమాస్టారు

కలవవు. టిక్‌టాక్‌లో జనం చేసిన వీడియోల వ్యూస్ హాట్ 100లోకి రావు. 2023 సెప్టెంబరులో బిల్‌బోర్డ్, టిక్‌టాక్ కలిసి టాప్ 50 అని విడిగా ఒక చార్టు మొదలుపెట్టాయి, ఆ గోల అక్కడ.

యూట్యూబ్‌ని 2013 ఫిబ్రవరిలో కలిపారు. కలిపిన వారమే ‘హార్లెమ్ షేక్’ తిన్నగా వచ్చి మొదటి స్థానంలో దిగింది. పాపం, దానికి కొన్ని నెలల ముందే కొరియా గాయకుడు సై పాడిన ‘గంగ్నమ్ స్టైల్’ 7 వారాలు రెండో స్థానంలో ఇరుక్కుపోయింది. 2012 డిసెంబరులో యూట్యూబ్‌లో 100 కోట్ల వ్యూస్ దాటిన మొదటి వీడియో అదే. అయినా ఆ వ్యూస్‌కి అప్పట్లో హాట్ 100లో విలువ సున్నా. రూల్ కాస్త ముందొచ్చి ఉంటే సై పాట టాప్‌కి వెళ్లేదని నా అనుమానం.

#6 సైడ్‌బీ

పిల్లలూ, ఈ గొడవ కొత్తదేం కాదు. చార్టు పుట్టినప్పటి నుంచీ ఉంది.

బ్రిటన్‌లో మొదటి సింగిల్స్ (విడి పాటల రికార్డుల) చార్టు 1952 నవంబరు 14న ఎన్‌ఎంఈ పత్రికలో వచ్చింది. లెక్క ఎలా తీశారో తెలుసా? పత్రిక ఆఫీసు నుంచి ఒకాయన దాదాపు ఇరవై రికార్డు షాపులకి ఫోన్లు చేసి, ఏవి బాగా పోతున్నాయని అడిగి రాసుకున్నాడు. ఆ మరుసటి నెలలోనే రేడియో సిలోన్‌లో హిందీ పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలైంది. అమీన్ సయానీ గొంతులో ఏడాది చివర వచ్చే వార్షిక లిస్టు కోసం జనం రేడియోలకి అతుక్కుపోయేవారు. రికార్డుల అమ్మకాలు, శ్రోతల సంఘాల ఓట్లు రెండూ చూసేవాళ్లు. అంటే కొన్నవాళ్లు వేరు, విన్నవాళ్లు వేరని అప్పటికే అర్థమైంది.

అమెరికాలో హాట్ 100 పుట్టింది 1958 ఆగస్టులో. 1991 దాకా షాపులవాళ్లూ రేడియోవాళ్లూ ఏది ముందుంది, ఏది వెనకుంది అని చెప్పిందే ఆధారం. అసలు ఎన్ని అమ్ముడుపోయాయో అంకె అక్కర్లేదు, వరస చెబితే చాలు. 1991లో సౌండ్‌స్కాన్ వచ్చి, కౌంటర్‌లో బార్‌కోడ్ కొట్టినప్పుడల్లా నమోదు కావడం మొదలైంది. చిన్నచూపు చూసిన సంగీతాలన్నీ ఒక్కసారిగా పైకి తేలాయి. ఆ సెప్టెంబరులోనే గార్త్ బ్రూక్స్ కంట్రీ (అమెరికా పల్లె బాణీ) ఆల్బమ్, ఆల్బమ్‌ల చార్టులో తిన్నగా ఒకటో స్థానంలో దిగింది, కంట్రీ ఆల్బమ్‌కి అలా జరగడం అదే మొదలు. జనం రాత్రికి రాత్రి మారిపోలేదు కదా. అంతకు ముందు వాళ్లు లెక్కలోకి రాలేదు, అంతే.

#7 మ్యూట్‌బటన్

> షాపులవాళ్లూ రేడియోవాళ్లూ చెప్పిందే ఆధారం

నేను మొదట అన్నదీ ఇదే. షాపువాడికి ఓ పెట్టె రికార్డులు ఫ్రీగా ఇస్తే వరస మారదా?

#8 సైడ్‌బీ

మారేది. రేడియోలోనూ అంతే. పాట వేయడానికి డీజేలకి డబ్బు ముట్టజెప్పడాన్ని పేయోలా అనేవారు. 1959లో అది పెద్ద రభస అయి అమెరికన్ కాంగ్రెస్ విచారణ దాకా వెళ్లింది, 1960లో చట్టం మార్చారు. రాక్ అండ్ రోల్‌ని ఇంటింటికీ చేర్చిన డీజే అలన్ ఫ్రీడ్ కెరీర్ దాంతోనే మునిగిపోయింది. నేను కాదనడం లేదు. కానీ డబ్బు పాటని చెవి దాకా తీసుకెళ్తుంది. రెండోసారి వినాలా వద్దా అన్నది చెవి తేల్చుకుంటుంది.

#9 హుక్‌లైన్

నేను పాటల ప్రమోషన్‌లో పనిచేస్తాను, ఎక్కడన్నది అడగొద్దు. ఇప్పుడు జరిగేది చెబుతాను.

పాట రెడీ అయ్యాక మేం చేసే మొదటి పని అందులో ముక్క వెతకడం. ఏ పన్నెండు పదిహేను సెకన్లు వీడియోలకి వాడతారు? మీటింగుల మీద మీటింగులు దానికే. కోరస్ (పల్లవి లాంటి భాగం) అనుకుంటారు చాలామంది, కానీ చాలాసార్లు కోరస్‌కి ముందొచ్చే లైన్ పనిచేస్తుంది. ఎందుకంటే అక్కడ కాస్త ఆగి, ఊపిరి పీల్చి, తర్వాత బీట్ పడుతుంది. ఆ పడే చోట వీడియోలో ఏదో ఒకటి మార్చొచ్చు, డ్రెస్ కావచ్చు, గది కావచ్చు, మొహం కావచ్చు. లిరిక్‌లో ‘నువ్వు’, ‘నేను’ ఉంటే ఇంకా మంచిది, ఎవరైనా తమ మాటలా పెదాలు కదపొచ్చు.

తర్వాత ఆ ముక్కని ఒక్క పెద్ద స్టార్‌కి ఇవ్వం. చిన్న చిన్న ఖాతాలకి పంచుతాం, వంటలవాళ్లు, మేకప్‌వాళ్లు, కుక్కపిల్లల వీడియోలవాళ్లు. ఒకే పాట మూడు వేర్వేరు మొహాల మీద కనబడితే చూసేవాడికి ‘ఇది అందరూ వింటున్నారు’ అనిపిస్తుంది. వీళ్లలో కొందరికి డబ్బు వెళ్తుంది, వీడియో మీద ఆ సంగతి రాసేవాళ్లు తక్కువ. నాకది నచ్చదు కానీ జరుగుతున్నది అదే.

అంతా చేసినా పదింట్లో తొమ్మిది తుస్సుమంటాయి. మ్యూట్‌బటన్ గారికి ఇది కాస్త నిరాశ కలిగించొచ్చు.

#10 స్వరపేటిక

హుక్‌లైన్ గారూ, నాకు రివర్స్‌లో జరిగింది. నేను సొంతంగా పాటలు రాసి పాడుకుంటాను. ఒక పాటలో చిన్న హమ్మింగ్ ముక్క ఎవరో రీల్స్‌లో పెట్టారు, అది ఎక్కడికో వెళ్లిపోయింది. నా ఫ్రెండ్స్ కూడా అది నాదని తెలీకుండా నాకే ఫార్వర్డ్ చేశారు. స్ట్రీమింగ్ యాప్‌లో నా ప్లేలు మాత్రం అక్కడే ఉన్నాయి. తర్వాత చూస్తే, మొదట పెట్టినతను నా పాటని ఫోన్‌లో రికార్డ్ చేసి అప్‌లోడ్ చేశాడు. కాబట్టి అందరి వీడియోల కింద ‘ఒరిజినల్ ఆడియో’ అని అతని ఖాతా పేరే పడింది. పాట పేరు లేదు, నా పేరు లేదు. కామెంట్లలో ‘సాంగ్ నేమ్ ప్లీజ్’ అని వరసగా అడిగారు, జవాబు ఎవరి దగ్గరా లేదు.

#11 హుక్‌లైన్

ఇది చాలామందికి జరిగింది, బాధపడకండి. పాట విడుదలకి ముందే డిస్ట్రిబ్యూటర్ (పాటల్ని యాప్‌లకి చేర్చేవాళ్లు) ద్వారా ఆ యాప్‌ల ఆడియో లైబ్రరీలో మీ పేరుతో ఎక్కించాలి, ఏ సెకను దగ్గర మొదలవ్వాలో కూడా చెప్పాలి. కనీసం ఇప్పుడైనా పాట అధికారిక వెర్షన్ అక్కడుందో లేదో చూడండి. ఉంటే మీరే దాంతో ఒక వీడియో చేసి ‘ఇది నేను పాడినది’ అని పిన్ చేయండి.

ముక్క విన్నవాడు పూర్తి పాట దగ్గరికి రావడమే ఈ ఆటలో అసలు మలుపు. అక్కడికి వచ్చే దారిలో సగం మంది రాలిపోతారు. ముక్క వింటుంటే పాట పేరు తట్టాలి, లేదా వెతికితే దొరికే మాట ఒకటి అందులో ఉండాలి. హమ్మింగ్‌తో వచ్చే చిక్కే అది, వెతకడానికి మాట లేదు. 2023 చివర్లో టిక్‌టాక్ తన వీడియోల నుంచే పాటని స్పాటిఫై లాంటి యాప్‌లో దాచుకునే బటన్ తెచ్చింది. ప్రమోషన్‌వాళ్లం దానికి దండం పెట్టుకున్నాం.

#12 రిపీట్‌మోడ్

లేడీ గాగా ‘బ్లడీ మేరీ’ కథ ఎవరూ చెప్పలేదేంటి! 2011 ఆల్బమ్ పాట అది. 2022 చివర్లో ‘వెన్స్‌డే’ సిరీస్‌లో ఆ అమ్మాయి డ్యాన్స్ చేసే సీన్ వచ్చింది. సీన్‌లో ఉన్నది ‘ద క్రాంప్స్’ వాళ్ల పాట. ఎవరో ఫ్యాన్ దాన్ని తీసేసి ‘బ్లడీ మేరీ’ స్పీడ్ పెంచిన వెర్షన్ అతికించారు. అంతే. అందరూ దానికే డ్యాన్స్ చేశారు, చివరికి గాగా కూడా చేసింది. 2023 జనవరిలో హాట్ 100లోకి వచ్చింది, విడుదలైన దాదాపు పన్నెండేళ్లకి. కంపెనీ ప్లాన్ చేసింది కాదు, సీన్‌లో ఉన్న పాట కూడా కాదు!

#13 సైడ్‌బీ

ఫ్లీట్‌వుడ్ మ్యాక్ ‘డ్రీమ్స్’ కూడా అంతే. 1977 పాట. 2020లో ఒకాయన స్కేట్‌బోర్డ్ మీద పోతూ, సీసాలో జ్యూస్ తాగుతూ, పెదాలు కదిపిన వీడియోతో మళ్లీ చార్టులోకి వచ్చి 12వ స్థానం దాకా వెళ్లింది. నా వయసువాళ్లకి అదొక పండగ.

కేట్ బుష్ ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ మరీనూ. 1985లో బ్రిటన్‌లో మూడో స్థానం దగ్గర ఆగింది. 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్‌లో వాడిన పుణ్యాన జూన్‌లో మొదటి స్థానం. 37 ఏళ్లు!

#14 లెక్కలమాస్టారు

కేట్ బుష్ విషయంలో ఒక రూల్ అడ్డొచ్చింది సైడ్‌బీ గారూ. బ్రిటన్ చార్టులో పాతబడిన పాటల స్ట్రీమ్‌లకి సగం విలువే ఇస్తారు. డబ్బు కట్టి వినేవాళ్ల 100 స్ట్రీమ్‌లు ఒక అమ్మకంతో సమానమైతే, పాత పాటకి 200 కావాలి. ఎప్పటివో హిట్లు చార్టుని ఆక్రమించుకోకుండా పెట్టుకున్న కట్టడి అది. ఈ పాట విషయంలో మినహాయింపు ఇచ్చాకే పైకి వెళ్లింది.

అమెరికాలో పద్ధతి వేరు. 20 వారాలు దాటిన పాట 50వ స్థానం కిందకి జారితే లిస్టులోంచి తీసేస్తారు, 52 వారాలు దాటితే 2025 దాకా ఆ గీత 25. ‘లూజ్ కంట్రోల్’ లాంటివి ఎంతకీ కదలకపోవడంతో 2025 అక్టోబరులో ఈ గీతల్ని ఇంకా బిగించారు. వారపు చార్టులోంచి బయటికి పంపితే వార్షిక లెక్కలో పాయింట్లు అక్కడితో ఆగుతాయి కాబట్టి, ఇక మీదట ఏడాది జాబితా మొహమే కొంత మారొచ్చు.

రూల్ ఎంత పని చేస్తుందో చూడాలంటే 1997 చూడండి. నో డౌట్ బృందం ‘డోంట్ స్పీక్’ అమెరికా రేడియో చార్టులో 16 వారాలు ఒకటో స్థానంలో ఉంది. హాట్ 100లో అసలు కనిపించనే లేదు. సింగిల్‌గా షాపుల్లో అమ్మకానికి పెట్టకపోతే హాట్ 100లో చోటు లేదన్నది అప్పటి నిబంధన. 1998 డిసెంబరులో దాన్ని ఎత్తేశారు.

#15 మ్యూట్‌బటన్

సరే, పేయోలా పాత కథ. ఇప్పుడు ఫ్యాన్లు రాత్రంతా ఫోన్ మ్యూట్‌లో పెట్టి పాట తిప్పుతున్నారు, బాట్లు (మనిషి లేకుండా పాట మోగించే ప్రోగ్రాములు) తిప్పుతున్నాయి, యాడ్స్ కొని వ్యూస్ అంటున్నారు. మీ పాయింట్లలో మనుషులెంతమంది?

#16 రిపీట్‌మోడ్

ఫ్యాన్లని బాట్లతో కలపకండి ప్లీజ్. మేం డబ్బు పెట్టి కొంటాం, వింటాం, అందులో తప్పేంటి?

#17 మ్యూట్‌బటన్

మ్యూట్‌లో ‘వినడం’ ఎలాగో నేర్పించండి అక్కా.

#18 మోడరేటర్

పాటల గురించి ఎంతైనా వాదించుకోండి, ఒకరినొకరు కాదు. రెండు పోస్టులు తీసేశాను.

#19 లెక్కలమాస్టారు

ఇద్దరూ సగం సగం కరెక్ట్. కొరియా బృందం బీటీఎస్ ‘బటర్’ 2021లో 10 వారాలు ఒకటో స్థానంలో ఉంది, ఎక్కువ బలం డౌన్‌లోడ్ల అమ్మకాలది. అదంతా న్యాయమైన డబ్బే. కానీ ఏడాది జాబితాలో టాప్ 10లోకి రాలేదు. ఫ్యాన్లు పట్టుబడితే వారాన్ని గెలిపించగలరు, ఏడాదిని గెలిపించడం చాలా కష్టం. దానికి ఆ పాట ఫ్యాన్లు కానివాళ్లూ, పేరు కూడా గుర్తులేనివాళ్లూ వినాలి.

యాడ్స్ సంగతి: 2019లో విడుదలైన మొదటి 24 గంటల్లో ఎక్కువ వ్యూస్ అనే రికార్డు కోసం డబ్బు కట్టి తెచ్చుకున్న వ్యూస్ మీద పెద్ద రగడ అయ్యాక, ఆ సెప్టెంబరులో యూట్యూబ్ అలాంటి వ్యూస్‌ని 24 గంటల రికార్డుల్లోంచీ మ్యూజిక్ చార్టుల్లోంచీ తీసేసింది.

బాట్లు నిజమే, కానీ తెలివైన దొంగ చార్టు జోలికి పోడు. 2024 సెప్టెంబరులో అమెరికాలో ఒక కేసు పెట్టారు. ఆరోపణ ఏంటంటే, ఏఐతో లక్షల పాటలు తయారుచేయించి, బాట్ ఖాతాలతో రోజుకి 6.6 లక్షల స్ట్రీమ్‌ల దాకా తిప్పి, కోటి డాలర్లకు పైగా రాయల్టీ లాగారని. చూడండి, ఒక్క పాటకి లక్షల ప్లేలు వస్తే ఎవరి కంటిలోనైనా పడుతుంది. అదే లక్షల పాటలకి తలా కాసిని వస్తే ఎవరూ పట్టించుకోరు. డబ్బు కావాల్సినవాడికి నంబర్ వన్ అక్కర్లేదు, ఎవరికీ కనబడకుండా ఉంటే చాలు.

#20 చెవికోసుకుంటా

ఇంకొక్కటి. వార్షిక లెక్క జనవరి 1న మొదలవుతుందా? డిసెంబరులో హిట్టయిన పాట ఏ ఏడాదికి వెళ్తుంది?

#21 లెక్కలమాస్టారు

మంచి ప్రశ్న. బిల్‌బోర్డ్ సంవత్సరం అక్టోబరు చివర్లోనో నవంబరులోనో మొదలై, మరుసటి ఏడాది దాదాపు అదే సమయానికి ముగుస్తుంది, ఎందుకంటే జాబితా డిసెంబరులో అచ్చవ్వాలి. ఈ గీతకి ఇటూ అటూ పడిన పాటలు నష్టపోతాయి. సాంటానా ‘స్మూత్’ 1999 అక్టోబరు నుంచి 2000 జనవరి దాకా 12 వారాలు టాప్‌లో ఉంది. పాయింట్లు రెండేళ్లకి చీలిపోయి 2000 జాబితాలో రెండో స్థానం దగ్గర ఆగింది. పైనున్నది ఎవరనుకున్నారు? వారపు చార్టులో ఎన్నడూ టాప్‌కి వెళ్లని ‘బ్రీత్’. 2021లో బిల్‌బోర్డ్ అన్నేళ్లూ కలిపి అతిపెద్ద పాటల జాబితా వేస్తే మాత్రం ‘స్మూత్’ మూడో స్థానం. గీత తీసేస్తే దాని అసలు బరువు బయటపడింది.

దీనికి ఎదురు ‘బ్లైండింగ్ లైట్స్’. విడుదల 2019 నవంబరు 29. చార్టు సంవత్సరం అప్పుడే తెరుచుకుంది. ‘అప్‌టౌన్ ఫంక్’ కూడా 2014 నవంబరులో వచ్చి 2015ని ఎగరేసుకుపోయింది.

#22 స్వరపేటిక

అయితే మాస్టారూ, నా తర్వాతి పాట నవంబరులో వదలనా? (నవ్వకండి.)

#23 హుక్‌లైన్

నవ్వట్లేదు కానీ, మీ స్థాయిలో నెల కన్నా వేరే విషయాలు ముందు చూసుకోవాలి. స్పాటిఫై లాంటిచోట్ల 30 సెకన్లు దాటితేనే ఒక స్ట్రీమ్‌గా లెక్క. అందుకే ఇంట్రోలు (పాట మొదట్లో వచ్చే మ్యూజిక్) కత్తిరిస్తున్నారు, పాటలు పొట్టివవుతున్నాయి. ‘ఓల్డ్ టౌన్ రోడ్’ మొదటి వెర్షన్ రెండు నిమిషాలు కూడా లేదు, 2019లో 19 వారాలు టాప్‌లో కూర్చుంది. టిక్‌టాక్‌లో రాజుకుంది నిజమే, కానీ నిలబెట్టింది ఒకదాని వెనక ఒకటి వదిలిన రీమిక్సులు. పాట పాతబడుతోంది అనుకునేలోపు కొత్త గొంతు వచ్చి చేరేది.

ఇంకోటి, 2024 నుంచి స్పాటిఫైలో 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్‌లు రాని పాటకి రాయల్టీ లేదు. ముందు ఆ గీత దాటండి, బిల్‌బోర్డ్ సంగతి తర్వాత.

#24 సైడ్‌బీ

> ఇంట్రోలు కత్తిరిస్తున్నారు

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఇంట్రో వినబడగానే ఏ పాటో పట్టేసేవాళ్లం మేం. స్వరపేటికమ్మా, నువ్వు మాత్రం కత్తిరించకు. ‘హీట్ వేవ్స్’ చార్టులోకి వచ్చాక టాప్‌కి చేరడానికి 59 వారాలు పట్టింది, అయినా 2022 మొత్తానికి అదే ఫస్ట్. జనానికి అంత ఓపిక ఉన్నప్పుడు కాసేపటి ఇంట్రోకి ఉండదా?

#25 హుక్‌లైన్

ఓపిక ఉన్నది జనానికి కాదు సైడ్‌బీ గారూ, రేడియోకీ ప్లేలిస్టులకీ. ఒక పాట మీద ఒకసారి నమ్మకం కుదిరితే వాళ్లు మార్చరు, రిస్క్ ఎందుకని. జనం ఎదురుగా వచ్చింది వింటారు.

#26 సైడ్‌బీ

ఒప్పుకోను. ఎదురుగా వచ్చింది వినేవాళ్లయితే మీ పదింట్లో తొమ్మిది ఎందుకు తుస్సుమంటాయి?

#27 హుక్‌లైన్

దానికి జవాబు తెలిస్తే నేను ఈ ఉద్యోగం చేస్తూ ఉండను 🙂

#28 స్వరపేటిక

ఇంట్రో ఉంచుతున్నాను. రీల్స్‌కి వేరే ముక్క కోసి ఇస్తాను, ఈసారి అందులో పాట పేరు వచ్చేలా. ఆడియో లైబ్రరీలో ఎక్కించే పని కూడా నిన్న మొదలుపెట్టాను. డిస్ట్రిబ్యూటర్ ఫారంలో ‘క్లిప్ ఎక్కడ మొదలవ్వాలి’ అని నిజంగానే అడిగారు, నేను ఇన్నాళ్లూ ఆ గడి ఖాళీగా వదిలేశాను.

#29 చెవికోసుకుంటా

విడుదలయ్యాక లింక్ ఇక్కడే పెట్టండి. రిపీట్‌మోడ్ గారూ, వినేటప్పుడు సౌండ్ ఆన్‌లో ఉంచండి.